జమ్మిచెట్టు మీద నీ మూట లేదు

అన్నోజిగూడ

చిన్నీ,

మీ ఆదివారం పాత్రల ఆటకు చీటీలు తీస్తే మిగతావాళ్లకు నాయకుడూ, గుర్రపు రౌతూ, మంత్రాలు తెలిసిన జంగమయ్యా, రాజనర్తకీ వచ్చారని, నీకు మాత్రం నీరటి వచ్చాడని చెప్పినప్పుడు నీ గొంతు కాస్త చిన్నబోయింది. "మామా, నాకు కత్తి కూడా లేదు" అన్నావు. ఆట నడిపే ఆ అబ్బాయికి ముందు నా శభాష్ చెప్పు. ఓరుగల్లు ముట్టడి కథ పెట్టుకుని అందులో చెరువు నీళ్లు వదిలేవాణ్ణి మరిచిపోలేదంటే వాడు ఆ కాలాన్ని కొంచెమైనా చదివి ఉంటాడు. చెరువులు బాగుచేసే పథకానికి 2015లో కాకతీయుల పేరు పెట్టుకున్నాం గానీ ఏ నీరటి పేరూ ఎవరికీ గుర్తు రాలేదు. పోనీలే, ఆ మాట అలా ఉంచు.

నువ్వు అడిగింది, బలం లేనివాణ్ణి పట్టుకుని వారం వారం ఆట ఎలా ఆడాలని. నాకు తెలిసింది నాటకం. నువ్వు దసరాకు వచ్చి ఇక్కడ వదిలేసిపోయిన ఆ లావు ఆట పుస్తకాలు కూడా తిరగేశాను. రెండూ కలిపి చెబుతున్నా.

మనవాళ్లకు మామూలు మనిషి వేషం అనగానే గుర్తొచ్చేది విరాటపర్వం. తిక్కన భారతం అక్కడే మొదలుపెట్టాడు. 1885లో సురభివాళ్లు మొదటగా ఆడింది కీచకవధ. 1963లో 'నర్తనశాల' వచ్చింది. బృహన్నలగా రామారావును, సైరంధ్రిగా సావిత్రిని చూసి మా తరం మురిసిపోయింది. రాజు మరో రాజు కొలువులో ఉంటాడు, రాణి ఒకరి జడ వేస్తుంది, గాండీవం పట్టినవాడు ఆడపిల్లలకు ఆట నేర్పుతాడు. హరిశ్చంద్ర నాటకమూ అంతే. రాత్రంతా కూర్చుని కాటిసీను కోసం ఎదురుచూసిన జనం కాటికాపరిని చూడ్డానికి రాలేదు, కాటికాపరి అయిన మహారాజును చూడ్డానికి వచ్చారు. మన రంగస్థలం మీద చిరుగు బట్ట కట్టినవాళ్లలో చాలామంది రాజులే. ఆ బట్ట ఎప్పుడో ఒకప్పుడు జారుతుందని చూసేవాడికి ముందే తెలుసు, ఆ ధీమాతోనే కన్నీళ్లు పెట్టుకుంటాడు.

నీకు నా మొదటి హెచ్చరిక అదే. నీ నీరటిని అజ్ఞాతవాసంలో ఉన్న అర్జునుడిలా ఆడకు. నీ జమ్మిచెట్టు మీద ఆయుధాల మూట లేదు. ఏదో ఒక ఆదివారం వాడి తాత రేచర్ల వంశంవాడని తేలుతుందని, తూములో కత్తి దొరుకుతుందని, నిప్పులాంటి వరం ఏదో బయటపడుతుందని లోపల ఆశపెట్టుకుని ఆడావంటే, అప్పటిదాకా నువ్వు వాడి బతుకును ఓపిక పట్టినట్టే గానీ ఆడినట్టు కాదు. ఆట నడిపే అబ్బాయి జాలిపడి అలాంటిది ఇవ్వబోయినా వద్దను.

నీ పుస్తకాల్లోనూ ఈ గొడవ ఉంది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్'కు 2000లో మూడో కూర్పు వచ్చినప్పుడు అందులో 'కామనర్' అని ఒక తరగతి పెట్టారు. ప్రాణానికి నాలుగు ముఖాల పాచిక, అన్నిటికంటే చిన్నది. అది ఆటగాళ్ల కోసం కాదు, ఊరు నింపడానికి. 2012 నాటి 'డంజియన్ క్రాల్ క్లాసిక్స్' మొదలే గమ్మత్తు: ఒక్కో ఆటగాడి చేతిలో కొందరు పల్లెటూరివాళ్లను పెడతారు, ఎక్కువమంది మొదటి గండంలోనే పోతారు, మిగిలినవాడు వీరుడవుతాడు. తమాషాగానే ఉంటుంది గానీ నాకు నచ్చలేదు. అక్కడ రైతుతనం ఎక్కి దిగిపోయే మెట్టు. శాండీ పీటర్సన్ 1981లో రాసిన 'కాల్ ఆఫ్ కథుల్హు' నయం. అందులో అందరూ పంతుళ్లు, విలేకరులు, డాక్టర్లు. ఎదురుగా వచ్చేదాన్ని గెలవలేరు. తట్టుకోవడం, తెలుసుకోవడం, పారిపోవడం, పక్కవాడికి చెప్పడం, ఇంతే వాళ్లు చేయగలిగేది. నీకు దగ్గరి దారి ఇది.

ఇప్పుడు వాడి సంగతి. నీరటి ఊరి ఆయగాళ్లలో ఒకడు. జీతం లేదు, కోతలయ్యాక కళ్లంలో మేర కొలిచి ఇస్తారు. ఎవరి పొలానికి ఏ పూట నీళ్లు, ఎంతసేపు అన్నది వాడి చేతుల మీదుగా నడుస్తుంది. తూము గూటం ఎత్తడానికో బిగించడానికో చలికాలంలో కూడా నీళ్లలోకి దిగాలి. కట్ట మీద ఎక్కడ చెమ్మ ఊరుతోంది, మత్తడి ఎన్ని జానలు దూకితే కింద ఏ వాడ మునుగుతుంది, ఇవన్నీ వాడికి పాదాలతో తెలుసు. 2020 అక్టోబరు వానలకు మన హైదరాబాదులో చెరువులు తెగి కాలనీలు మునిగాయి కదా, అప్పుడు జనం వెతికింది ఇలాంటివాణ్ణే. చాలాచోట్ల చెరువు ఎటు పారేదో చెప్పేవాడే లేడు.

ఓరుగల్లుకు మట్టికోట, లోపల రాతికోట, వాటి చుట్టూ అగడ్తలు. అగడ్త అంటే నీళ్లు. నాయకుడికి బురుజు తెలుసు, రౌతుకు గుర్రం తెలుసు, నీళ్ల సంగతి మీ బల్ల దగ్గర ఎవరికి తెలుసు? నిన్నొకడు "నీకేం బలముంది" అంటే ఈ మాట గుర్తుంచుకో. అలాగని తెలిసిందంతా మొదటి వారమే ఒలకబోయకు. బలం లేనివాడు తనకు తెలిసిన సంగతిని ఊరికే ఇవ్వడు. ఇస్తే అవసరం తీరిపోతుందని వాడికి భయం. ఆ భయాన్ని ఆడు.

ఆడడానికి కూర్చునే ముందు వాడికి మూడు నాలుగు విషయాలు తేల్చుకో. ఈ ఏడు వాడికి కావలసింది ఏమిటి? దేశాన్ని కాపాడడం కాదు. కూతురి పెళ్లి కావచ్చు, పోయినేడు నాయకుడి మనుషులు కొలవకుండా ఎగ్గొట్టిన మేర కావచ్చు. ఏది పోతే వాడు తట్టుకోలేడు? ఎవరికి బాకీ? ఎవరి ముందు మాట పెగలదు, ఎవరి దగ్గర నోరు లేస్తుంది? ఇవి గట్టిగా పట్టుకుంటే ప్రతి సన్నివేశంలోనూ చేయడానికి పని దొరుకుతుంది. చేతుల్లో కూడా పని పెట్టు. రాజసభలో నిలబెట్టినా వాడు ఖాళీగా నిలబడడు, తడి పంచె అంచు పిండుకుంటూ ఉంటాడు. మేం పరిషత్తు నాటకాల్లో భటుడి వేషం వేసేటప్పుడు ఒక పెద్దాయన చెప్పేవాడు, డైలాగు లేనివాడికి పని ఉండాలిరా అని.

చూసి నేర్చుకోవడానికి దూరం పోనక్కర్లేదు. పోచారం క్యాంపస్ షిఫ్టు వదిలే వేళకు ఇక్కడ వరంగల్ రోడ్డు మీద నిలబడితే చాలు. ఉప్పల్ షేర్ ఆటో నడిపేవాడు పోలీసు కనబడక ముందే, ఎదురుగా వచ్చే ఆటోవాడి చెయ్యి చూసి పక్క సందులోకి తిప్పేస్తాడు. గేటెడ్ కాలనీ సెక్యూరిటీ ఆయన్ను చూడు. ఆయన చేతిలో అధికారం లేదు, రిజిస్టరు ఉంది. స్టిక్కర్ లేని పెద్ద కారు వచ్చి హారన్ మోగిస్తే ఆయన కాదనడు. సార్ సార్ అంటూనే పెన్ను వెతుకుతాడు, ఫ్లాట్ నంబరు మళ్లీ అడుగుతాడు, ఇంటర్‌కమ్ కలవలేదంటాడు. మర్యాదకు లోటు లేదు, గేటు మాత్రం లేవదు. బలం లేనివాడి చేతిలో ఉండే పనిముట్లు ఇవే: నింపాదితనం, వినబడనట్టు ఉండడం, లెక్క మరిచిపోవడం. అర్ధరాత్రి తూము ఎత్తమని నాయకుడు హుకుం ఇచ్చాడనుకో. నీ నీరటి ఎదురు తిరగడు. "గూటం నాని ఉబ్బింది దొరా, పొద్దుగాల చూద్దాం" అంటాడు. ఇక నాయకుడి పాత్ర ఆడే అమ్మాయికి అసలు పరీక్ష. కొడుతుందా, బతిమాలుతుందా, గింజలిస్తుందా? వాళ్లు ఎలాంటి దొరలో నీ ముందే తేలాలి. నువ్వు లేకపోతే వాళ్ల దొరతనానికి ఖర్చే లేదు.

సైరంధ్రి కూడా దర్బారులో తన్ను తిని న్యాయం అడిగితే రాజు నోరు విప్పలేదు. రాత్రి వంటింటికి నడిచింది. సభలో తేలని పని ఎక్కడ తేలుతుందో తెలిసిన మనిషి ఆమె. నీకు వంటింట్లో భీముడు లేడు గానీ, ఇలాంటి పెరటి దారులు వెతుక్కో. చాకలి, తలారి, నర్తకి దగ్గర నీళ్లు మోసే పిల్ల, వీళ్లందరినీ ఆట నడిపే అబ్బాయి చేత పేరు పెట్టి పలికించు.

మాటకున్న బలం నీ కథలోనే ఉంది. ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలూఘ్ ఖాన్ ఓరుగల్లును చుట్టుముట్టిన మొదటిసారి ఢిల్లీ నుంచి తపాలా రావడం ఆగిపోయింది. సుల్తాను చనిపోయాడని శిబిరంలో పుకారు పుట్టింది, సైన్యం చెదిరి వెనక్కి పోయింది. అంత దండును అప్పుడు కదిలించింది పుకారు. తర్వాత 1323లో మళ్లీ వచ్చి కోట పట్టుకున్నాడు, కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు బందీ అయ్యాడు. ఈ ముగింపును మీ నలుగురు వీరులు మార్చాలని చూస్తారు. నీ నీరటికి ఆ ఆశ ఉండదు. ఎవరు గెలిచినా వరికి నీళ్లు కావాలి అనేవాడు ఒకడు బల్ల దగ్గర ఉంటే ఆట బరువే మారుతుంది.

చందుపట్ల శాసనం సంగతి నీకు చెప్పానో లేదో. నల్లగొండ జిల్లాలో, నకిరేకల్ దగ్గర. 1289 నవంబరు నాటిది. రుద్రమదేవి ఎప్పుడు పోయిందో మనకు తెలిసింది ఆ రాయి వల్లే. దాన్ని వేయించింది యువరాజూ కాదు, మంత్రీ కాదు. పువ్వుల ముమ్మడి అనే సైనికుడు. రుద్రమదేవికీ సేనాని మల్లికార్జున నాయకుడికీ పుణ్యం కలగాలని గుడికి భూమి ఇచ్చాడు. భూమి ఇవ్వగలిగాడంటే మరీ ఏమీ లేనివాడు కాదులే. అయినా అంత పెద్ద రాణి చివరి సంగతి చెప్పడానికి మిగిలిన సాక్షి ఒక బంటు. నీ నీరటి ఏం చూశాడో, ఎవరికి చెప్పాడో, ఆట నడుస్తుండగానే ఒక నోటుబుక్కులో రాసిపెట్టు. ముట్టడి అయ్యాక ఆ నలుగురూ తమ ప్రతాపాలు చెప్పుకునేటప్పుడు దానికి పని పడుతుంది.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నా. వాడిని నవ్వులాట చేయకు. మన తోలుబొమ్మలాటలో కేతిగాడూ, బంగారక్కా బూతులాడి నవ్విస్తారు, దొరల్ని కూడా వదలరు. అది వేరు, వాళ్ల నవ్వు పైకి పోతుంది. మన సినిమాలు ఏళ్ల తరబడి తెలంగాణ యాసను రౌడీకీ, హాస్యగాడికీ, పనిమనిషికీ తొడిగాయి. ఆ నవ్వు కిందికి పడేది. నీ స్నేహితులు నీరటి మాట్లాడగానే యాస పెట్టి నవ్వబోతే, నువ్వు ఆ యాసలోనే, నవ్వకుండా, మీ తాత మాట్లాడినట్టు మాట్లాడు. రెండు మాటల్లో సర్దుకుంటారు.

నీరటికి నోరు లేకపోవచ్చు, నీకుంది. వాణ్ణి కొరడాతో కొట్టే సన్నివేశం నడుస్తోంది, నీకు కడుపులో తిప్పుతోందనుకో, ఆట ఆపు. జాన్ స్టావ్రోపోలస్ అనే ఆయన ఇందుకోసమే 'ఎక్స్ కార్డు' అని ఒక చిన్న ఏర్పాటు చేశాడు. బల్ల మధ్య ఎక్స్ గీసిన ముక్క ఉంటుంది. ఎవరు దాన్ని ముట్టినా ఆ సంగతి అక్కడితో వదిలేసి ముందుకు పోతారు, కారణం చెప్పనక్కర్లేదు. మీ బల్ల మీద ఒకటి పెట్టించు. ఇంకొకటి కూడా గమనించు: అలసిపోయిన వారం, పాత్రకు బలం లేదన్న సాకుతో నిన్ను మూల కూర్చోబెట్టి నలుగురే ఆడుకుంటున్నారంటే, తప్పు నీరటిది కాదు. నాకు వంతు రాలేదని చిన్నిగానే చెప్పు, నీరటి గొంతుతో గొణగకు.

వాడు చనిపోవచ్చు కూడా. ముట్టడి కథ కదా. చావును వీరమరణం చేయడానికి అందరూ ఉత్సాహపడతారు. ఒప్పుకోవాలో లేదో నీ ఇష్టం. నేనైతే, ఆ మరుసటి పొద్దు తూము ఎవరెత్తారో అడిగి ఆ సన్నివేశం ఆడిస్తాను.

అత్తయ్య నీకు సకినాలు పంపుతోంది, బెంగళూరు బస్సులో తెలిసినవాళ్లు వస్తున్నారు. ఆదివారం ఆట అయ్యాక ఫోన్ చెయ్యి. ఎంత రాత్రయినా పరవాలేదు, క్రికెట్ ఉంటే నేను మేలుకునే ఉంటాను. ఆ నాయకుడు పోయినేటి మేర కొలిచాడా లేదా, ముందు అది చెప్పు.

మీ మామయ్య