ఇంటిల్లిపాది పాటింపవలసిన అన్నవ్రతము

కృష్ణయజుర్వేదమునకు చెందిన తైత్తిరీయోపనిషత్తులో భృగువల్లి యను భాగము కలదు. వరుణుని కుమారుడైన భృగువు తపస్సు చేసి, అన్నమే బ్రహ్మమని మొట్టమొదట గ్రహించెను. అతని జ్ఞానము క్రమముగా ఆనందమే బ్రహ్మమను నంతవరకు సాగినది. అంత ఎత్తునకు పోయిన పిదపను ఉపనిషత్తు అన్నమును మరువలేదు. అన్నమును నిందింపరాదు, త్రోసిపుచ్చరాదు, సమృద్ధిగా సమకూర్చుకొనవలయును, ఇంటికి వచ్చినవానిని కాదనరాదు అని నాలుగు వ్రతములను విధించినది. పొదుపునకును దానమునకును విరోధము లేదని దీనివలన తెలియుచున్నది. పారవేయని యింటనే ఒరులకు పెట్టుటకు మిగులును.

ఈ వ్రతమును నేటి సంసారమునకు అన్వయించి చూతము. వికారాబాదు జిల్లా నవాబుపేట మండలములోని యొక పల్లెలో ఐదుగురున్న కుటుంబము కలదనుకొందము. దినమునకు 50 గ్రాముల బియ్యము, అనగా సుమారు పిడికెడు, ఎక్కువగా వండి పారవేసినచో సంవత్సరమునకు 18 కిలోలకు మించును. తెలంగాణములో 2025 ఉగాది నుండి రేషను కార్డుపై మనిషికి నెలకు 6 కిలోల సన్నబియ్యము ఇచ్చుచున్నారు. ఈ లెక్కన ఒక మనిషికి మూడు నెలలు వచ్చు బియ్యము ఆ యింట పెంటపాలైనట్లే. పప్పు, కూర, నూనె, వంటగ్యాసు ఇందు చేరలేదు. ఈ సీమలో పండు తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. తొలకరిలో విత్తిన కంది పుష్యమాసపు ప్రాంతమునకు గాని ఇల్లు చేరదు. రైతు ఆరు నెలల శ్రమ గిన్నె కడుగు నిమిషములో కాలువపాలగుచున్నది.

ఇది యొక్క ఊరి దోషము గాదు. 2022లో ప్రపంచమున 105 కోట్ల టన్నుల ఆహారము వ్యర్థమైనదనియు, అందు నూటికి 60 పాళ్లు ఇండ్లలోనిదే యనియు ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగము 2024లో ప్రకటించినది. వెనుకటి పల్లెలో గంజియు, కడుగునీరును, మిగిలిన మెతుకులును కుడితి గోలెములో పడి పశువులకు ఆహారమయ్యెడివి. నేడు పశువులు లేని యిండ్లు పెరిగినవి. చేయి చాచి వండు అలవాటు మాత్రము మారలేదు.

రాత్రి నిలువయున్న అన్నము తామసమని భగవద్గీత పదునేడవ అధ్యాయము చెప్పుచుండగా, మిగిలినది పారవేయుటయే శాస్త్రసమ్మతము గాదా యని కొందరు ప్రశ్నింతురు. గీత తామసమన్నది రసము పోయి, దుర్గంధము పట్టిన ఆహారమును గూర్చి. మనుస్మృతి ఐదవ అధ్యాయము పులిసినవానిని నిషేధించుచునే పెరుగును, పెరుగుతో చేసినవానిని మినహాయించినది. నేయి మున్నగు స్నేహద్రవ్యములు చేరినవి నిలువయున్నను భుజింపవచ్చునన్నది. పెరుగు కలిపిన సద్ది ఈ మినహాయింపునకు తగినదే. మిగిలిన జొన్నరొట్టెను మజ్జిగలో నానవేయుటయు, బెల్లముతో నలిపి మలీద చేయుటయు తెలంగాణ గృహిణులకు తెలిసిన విద్యలే.

అయినను చెడినదానిని తినుట వ్రతము గాదు. వేడియన్నమును మూతపెట్టి రాత్రియంతయు అట్లే యుంచినచో అందు పుట్టు విషము మరల కాచినను పోదు. వేడి తగ్గిన వెంటనే తోడుపెట్టవలయును, లేదా ఫ్రిజ్జులో నుంచవలయును. వాసన మారినదానిని, జిగురు కట్టినదానిని పశువునకు గూడ పెట్టక ఎరువుగుంతలో వేయవలయును.

పెక్కు యిండ్లలో ఇంతకంటె పెద్ద దోషమొకటి కలదు. మిగిలినదంతయు ఇల్లాలి వంతు. పారవేయుటకు మనసొప్పక ఆమె ఆకలి లేకున్నను తినును. మిగులనినాడు మంచినీళ్లు త్రాగి పండుకొనును. ఇంటివారు దానిని పొదుపని మెచ్చుకొందురు. ఆమె కడుపు మిగులును దాచు కుండ గాదు. అతిథులును, ఇంటివారును, పనివారును భుజించిన పిదప శేషమును దంపతులు భుజింపవలయునని మనుస్మృతి మూడవ అధ్యాయము చెప్పినది. అచ్చటి క్రియాపదము ద్వివచనము. భార్య యొక్కతెయే తినవలయునని లేదు. గర్భిణులకును, రోగులకును, క్రొత్తకోడండ్రకును అతిథులకంటె ముందుగనే పెట్టవలయునని గూడ ఆ స్మృతియే విధించినది. కావున మిగిలినది ఇద్దరిది. మిగులకుండ చూచు బాధ్యత అందరిది.

అందులకు మార్గములు సులభములు. పొయ్యి వెలిగించుటకు ముందే ఎవరెవరు ఇంట భుజింతురో తెలుపవలయును. బయట తిని వచ్చువారు ఆ మాట ముందుగా చెప్పుట గూడ వ్రతములో భాగమే. బియ్యమును కంటి అంచనాతో గాక గిద్దెతోనో గ్లాసుతోనో కొలువవలయును. విస్తట మొదట కొద్దిగా వడ్డించి, అడిగిన పిదప మరల వడ్డింపవలయును. సంతకు పోవుటకు ముందు ఇంటనున్న కూరలను చూచుకొని, వాడిపోవుచున్నదానిని ముందు వండవలయును. నిన్నటి మిగులును నేడు ఇంటివారందరును పంచుకొనవలయును.

ఇట్లు కాపాడిన పిడికెడు బియ్యమును దినమునకొకమారు వేరొక కుండలో వేయుడు. నెల తిరుగునప్పటికి అది కిలోన్నర యగును. దానిని ఊరి గుడిలో అన్నదానమునకో, ఆకలితో వచ్చినవానికో ఈయవచ్చును. గృహస్థునకు క్రొత్త ఖర్చు లేదు. నాలుగు వ్రతములును ఒక్క పిడికిటితోనే సిద్ధించును.