టవరుంది, సిగ్నలు లేదు

ఈసారి నేను సెల్‌ఫోన్ గురించి రాస్తున్నాను. హాస్టల్లో ఫోన్ ఉంచకూడదని తెలుసు మేడం, నా దగ్గర లేదు. దాని గురించి చదివేనంతే.

మా ఊరి చింతచెట్ల దగ్గర ఒక టవరు వుంది. అమ్మ దగ్గరున్న కీప్యాడ్ ఫోన్‌లో వేరే కంపెనీ సిమ్ము. పోయిన వర్షాకాలం తమ్ముడికి చలిజ్వరం ముదిరి ఫిట్స్ వచ్చేయి. అమ్మ ఆ టవరు పక్కనుంచే పరుగెత్తి, గెడ్డ దాటి, కొండెక్కి అంబులెన్సుకి ఫోన్ చేసింది. తమ్ముడు బతికేడు. ఇప్పుడు రెండో తరగతి. కానీ టవరు కింద నిలబడితే సిగ్నలు ఎందుకు రాలేదు? సైన్సు సార్ని అడిగితే రెండు రోజులు కూర్చోబెట్టి చెప్పేరు.

ఫోన్‌లో మన మాట రేడియో తరంగాల మీద పోతుంది. 1800 మెగాహెర్ట్జ్ అంటే సెకనుకి 180 కోట్ల సార్లు ఊగే తరంగం. ఇలాంటి తరంగాల వరుసనే స్పెక్ట్రమ్ అంటారు. పొలం లాగే దాన్ని కొత్తగా పుట్టించలేం. ప్రభుత్వం ముక్కలు చేసి సర్కిల్ వారీగా కంపెనీలకి ఇస్తుంది. ఆంధ్ర, తెలంగాణ విడిపోయినా ఫోన్ల లెక్కలో రెండూ ఒకే సర్కిల్. ఒకరి ముక్కలోకి ఇంకొకరు చొరబడితే ఇద్దరి మాటలూ కలిసిపోయి గోల అవుతుంది. అందుకే హద్దులు.

మరి ఇద్దరు ఒప్పుకొని హద్దు తీసేస్తే? దాన్నే స్పెక్ట్రమ్ షేరింగ్ అంటారు. మన హాస్టల్లో చిన్నపిల్లలకి 5 కొళాయిలు, మనకి 5. మనం ప్రేయర్లో వుంటే మన కొళాయిలు ఊరికే వుంటాయి, ఆరో తరగతి పిల్లలు మాత్రం బకెట్లతో వరసలో వుంటారు. పదీ అందరివీ అయితే వరస తగ్గుతుంది కదా. ఇది వట్టి పోలిక కాదు, దీనికి లెక్క వుంది. డెన్మార్క్‌లో టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే లెక్కలాయన 1917లో ఒక సూత్రం ప్రచురించేడు. 5 లైన్లుంటే, 100 కాల్స్‌లో రెండుకి మించి దొరక్కుండా పోకూడదంటే, సగటున 1.7 కాల్స్ బరువు మోస్తాయి. అలాంటివి రెండు విడివిడిగా వుంటే 3.3. పది లైన్లూ కలిపేస్తే 5.1! కొత్త లైను ఒక్కటీ వెయ్యలేదు, పని మాత్రం ఒకటిన్నర రెట్లు అయింది. నేను నమ్మలేదు. సారు నాచేత మూడుసార్లు చేయించేరు.

మన దేశంలో షేరింగ్ నిబంధనలు 2015 సెప్టెంబరులో వచ్చేయి. వాటి ప్రకారం ఇద్దరికీ ఒకే సర్కిల్లో, ఒకే బ్యాండ్‌లో స్పెక్ట్రమ్ వుండాలి. ఇద్దరే కలవాలి, మూడోవాడు కుదరదు. కలిసినందుకు అదనంగా 0.5 శాతం రుసుము కట్టాలని కూడా పెట్టేరు. కలిసి వాడుకుంటే జరిమానా లాగ! 2021లో అది తీసేసేరు.

ఇంతవరకూ చదివి నేను సంబరపడ్డాను, మా ఊరి బాధ తీరిందని. కాదట. షేరింగ్ రద్దీ వున్నచోట బాగా పనికొస్తుంది. మా ఊళ్లో రద్దీ ఎక్కడిది, మొత్తం నలభై గడపలు. పైగా కలవాలా వద్దా అన్నది కంపెనీల ఇష్టం. మాకు కావలసింది స్పెక్ట్రమ్ కలపడం కాదు, వేరే కంపెనీ టవరు అమ్మ సిమ్ముని కూడా రానివ్వడం. దాని పేరు రోమింగ్. సొంత సర్కిల్లోనే అయితే ఇంట్రా సర్కిల్ రోమింగ్. 2025 జనవరిలో కేంద్రం దీన్ని మొదలుపెట్టింది. ప్రభుత్వ నిధి డబ్బుతో కట్టిన 4జీ టవరు ఎవరిదైనా, బీఎస్ఎన్ఎల్, ఎయిర్‌టెల్, జియో మూడు సిమ్ములూ పనిచేసేలా. అలాంటి టవర్లు దేశంలో సుమారు 27 వేలు. కంపెనీ తన సొంత డబ్బుతో కట్టుకున్నదైతే ఇందులోకి రాదు.

ఇక్కడ నాకు కోపం వచ్చింది. 1995లో సుప్రీంకోర్టు క్రికెట్ ప్రసారాల కేసులో గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని చెప్పింది. ఆ తీర్పు చెప్పిన ముగ్గురు జడ్జీల్లో ఒకరు మన తెలుగువారు, బి.పి. జీవన్‌రెడ్డి గారు. ప్రజలు అంటే మా అమ్మ కూడా కదా?

ఒక్క ముఖ్యమైన సంగతి. 112 కొడితే, మన సిమ్ము కంపెనీ సిగ్నలు లేకపోయినా, ఫోన్ దగ్గర్లో అందిన వేరే కంపెనీ టవరుతో ప్రయత్నిస్తుంది. తెర మీద 'ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ' అని వస్తే అర్థం అదే. కానీ టవరుకి, ఫోన్‌కి భాష కలవాలి. 4జీ ఒక్కటే వున్న టవరుకి పాత 2జీ కీప్యాడ్ ఫోన్ మాట తెలీదు. అమ్మకి ఈ 112 సంగతి నేను మొన్న సంతలో కలిసినప్పుడు చెప్పేను. వేలితో మూడు అంకెలూ నొక్కడం నేర్పేను, పచ్చ బటన్ మాత్రం నొక్కనివ్వలేదు.

సెలవులకి వెళ్లినప్పుడు మీ ఊరి టవరు గేటు మీద ఏ కంపెనీ పేరుందో, మీ ఇంట్లో ఏ సిమ్ము వుందో, ఫోన్ తెర మీద ఏం కనపడుతుందో చూసి రండి. ఈ కాగితం కింద గీతలు గీసి ఖాళీ వదిలేను. మొదటి గీత మీద మా ఊరు రాసేను.