వైద్యచరిత్రకు ఆకరాలుగా పాత పత్రికా సంచికలు

కావ్యపరిష్కర్త మూలపాఠంతోపాటు ఆశ్వాసాంత గద్యను, లేఖకుడు వేసిన తేదీని, అంచులలోని టిప్పణులను కూడా గ్రహిస్తాడు. కాలనిర్ణయానికి అవి ముఖ్యమైన ఆధారాలు. వైద్యచరిత్ర పరిశోధకునికి పాత పత్రికా సంచిక అటువంటి మాతృకయే. దానిని వ్యాసాల మూటగా గాక, ముఖపత్రం మొదలు ప్రకటనల వరకు సమగ్రంగా సేకరించవలెనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

మన సీతాఫల్‌మండికి కొద్ది మైళ్ళలోనే ఉన్న బేగంపేటలో రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ ఉదరకుడ్యంలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. తరువాతి గ్రంథాలు దీనిని నిస్సంశయమైన ఆవిష్కరణగా వర్ణిస్తాయి. అదే సంవత్సరం డిసెంబరు 18 నాటి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆయన వ్యాసశీర్షిక మాత్రం, మలేరియా రక్తం త్రాగిన రెండు దోమలలో కనిపించిన కొన్ని వింత వర్ణకకణాలను గూర్చి అని మాత్రమే చెప్పినది. మాన్సన్ మొదలైనవారి అభిప్రాయాలు కూడా దాని వెంటనే అచ్చయినవి. ఆనాటి సంకోచం ఆ సంచికలోనే సజీవంగా ఉన్నది.

రెండవ నిదర్శనం హైదరాబాదు క్లోరోఫాం సంఘాలు. ఎడ్వర్డ్ లారీ ఆధ్వర్యంలోని 1888 నాటి సంఘం, క్లోరోఫాం వలన మొదట ఆగేది శ్వాసయే గాని గుండె కాదని నిర్ణయించినది. లాన్సెట్ పత్రిక దీనిని శంకించగా, పునఃపరీక్షకు ఆ పత్రిక ప్రతినిధిని రప్పించుటకై నిజాం ప్రభుత్వం వేయి పౌండ్లు ఇచ్చినది. 1889లో వచ్చిన లాడర్ బ్రంటన్ లారీతో ఏకీభవించాడు. కాని 1911లో గుడ్‌మన్ లెవీ ప్రయోగాలు, క్లోరోఫాం గుండెలయను నేరుగా చెరచి మరణం కలిగించగలదని చూపినవి. నివేదికను మాత్రమే చదివినవారికి సిద్ధాంతం తెలుస్తుంది. సంచికలను వరుసగా చదివినవారికి పూర్వపక్షం కూడా తెలుస్తుంది.

తెలుగు పత్రికలలో ప్రకటనలకు ప్రత్యేక ప్రాధాన్యం ఉన్నది. 1893లో అమృతాంజనాన్ని ప్రారంభించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులే 1908లో ఆంధ్రపత్రికను, 1924లో భారతిని స్థాపించారు. స్త్రీల ఔషధం లోధ్రకు ప్రసిద్ధులైన ఆయుర్వేదవైద్యులు కె. ఎన్. కేసరి 1928లో గృహలక్ష్మిని నెలకొల్పారు. ఏ వ్యాధికి ఏ మందును, ఏ మాటలతో, ఎంత వెలకు అమ్మినారో తెలియుటకు ఇట్టి పత్రికల ప్రకటనలు ప్రత్యక్ష సాక్ష్యాలు.

సంపుటాలుగా కుట్టించేటప్పుడు తరచుగా తొలగిపోయేవి ఈ పుటలే. కావున సేకర్తలు అట్టలను, ప్రకటనలను తీసివేయరాదు. సంపుటిసంఖ్య, సంచికాసంఖ్య, తేదీ, లోపించిన పుటలు పట్టికలో వ్రాయాలి. చిరుగులకు జిగురుపట్టీలు అంటించరాదు. వేరు గ్రంథాలయంలో కుట్టిన సంపుటి ఉన్నదని విడిసంచికను పారవేయుట, పాఠాంతరం ఉన్న ప్రతిని పారవేయుటతో సమానం.