పలకరింపు దాటని పరిచయాలు

సమస్య: మాది కాకినాడ. మావారికి పుణెలో ఉద్యోగం రావడంతో ఏడాది క్రితం ఇక్కడికి వచ్చేశాం. నేను ఇంటి నుంచే పని చేస్తాను. కింది వాటా మరాఠీ ఆవిడతో సహా అపార్ట్‌మెంట్‌లో అందరూ నవ్వుతూ పలకరిస్తారు, అంతటితో సరి. ఉగాది వేడుకకు, వినాయక చవితి మండపానికి, ఒక యోగా శిబిరానికి, ఒక పుస్తక సభకు వెళ్లాను. బాగానే మాట్లాడారు, నంబర్లు తీసుకున్నాం, మళ్లీ ఎవరూ కలవలేదు. కాకినాడ స్నేహితురాళ్లతో రోజూ ఫోన్‌లో మాట్లాడతాను గానీ, ఒంట్లో బాగోకపోతే తలుపు తట్టేవాళ్లు ఇక్కడ లేరు. మరాఠీ రాదు, హిందీ అంతంతమాత్రం. ముప్పై ఆరేళ్లకు కొత్త స్నేహాలు కుదరవా? లోపం నాలోనే ఉందా?
– ఒక పాఠకురాలు, పుణె

సలహా: లోపం మీలో లేదమ్మా. మీరు వెళ్లిన నాలుగు చోట్లనూ మళ్లీ ఒకసారి చూసుకోండి. ప్రతిచోటికీ ఒక్కసారే వెళ్లారు. మన మనసుకు నచ్చే మనిషి ఎక్కడో ఉంటారని, నలుగురిలో తిరిగితే తారసపడతారని అనుకుంటాం. పరిశోధనలు మాత్రం స్నేహానికి మూలం అవే ముఖాలు పదేపదే ఎదురుపడటమేనని చెబుతున్నాయి. అమెరికాలో ఎంఐటీ విద్యార్థుల కుటుంబాలుండే ఇళ్ల సముదాయంలో ఎవరికి ఎవరు స్నేహితులయ్యారో పరిశోధకులు ఫెస్టింగర్, షాక్టర్, బ్యాక్ పరిశీలించి 1950లో పుస్తకం వేశారు. పక్క వాటాల వాళ్ల మధ్యే ఎక్కువ స్నేహాలు కుదిరాయి. మెట్ల పక్కన ఉన్నవాళ్లకు పై అంతస్తులోనూ స్నేహితులు ఏర్పడ్డారు, పైవాళ్లు దిగుతూ ఎక్కుతూ కనబడతారు కాబట్టి. 1992లో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో మరో ప్రయోగం జరిగింది. ఎంపిక చేసిన నలుగురు యువతుల్లో ముగ్గురు ఒక తరగతికి వచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుని వెళ్లారు. వాళ్లలో ఒకరు పదిహేనుసార్లు వచ్చారు, నాలుగో ఆమె అసలు రాలేదు. చివర్లో ఫొటోలు చూపిస్తే, ఎక్కువసార్లు వచ్చినవాళ్లే విద్యార్థులకు ఎక్కువ నచ్చారు. కాకినాడ స్నేహాలూ ఇలాగే మొదలై ఉంటాయి. పక్కన కూర్చోబెట్టింది బడి, ఏళ్ల తరబడి కలిపి ఉంచిందీ బడే.

‘గంటలు లెక్కపెట్టుకుని చేసేది స్నేహమెలా అవుతుంది?’ అని మీకు అనిపించవచ్చు. చిన్నప్పుడు ఆ లెక్క టైంటేబుల్ చూసుకుంది, ఇప్పుడు మనం చూసుకోవాలి, అంతే తేడా. కాన్సాస్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ హాల్ కొత్త ఊరికి మారిన పెద్దవాళ్లనే అడిగి 2018లో ఒక అంచనా ఇచ్చారు. పరిచయం మామూలు స్నేహం కావడానికి సుమారు 50 గంటలు, గాఢ స్నేహానికి 200 గంటల పైమాటే. వారానికి రెండు గంటలు ఒకరితో గడిపితే తొలి మెట్టుకే ఆరు నెలలు పడుతుంది. మీ ఏడాది ఆ నాలుగు చోట్లకీ తలా కాస్త పంచినట్టయింది. మరి ఆఫీసులో రోజూ ఎనిమిది గంటలు కలిసి ఉండేవాళ్లంతా స్నేహితులు కారేం? హాల్ దాన్నీ గమనించారు. కలిసి పనిచేసిన గంటలు సాన్నిహిత్యాన్ని పెద్దగా పెంచలేదు. పని లేకుండా, కావాలని కలిసి కూర్చున్న సమయమే పెంచింది. అంటే ఒకే చోటికి మళ్లీ మళ్లీ వెళ్లడం సగం పని. అక్కడి నుంచి ఒకరిని ఇంటికి పిలవడం మిగతా సగం.

పిలిస్తే వెంటపడుతున్నామనుకుంటారేమోనన్న జంకు చాలామందిని ఇక్కడే ఆపేస్తుంది. పరిశోధకురాలు ఎరికా బూత్‌బీ బృందం 2018లో ప్రచురించిన ప్రయోగాల్లో, కొత్తవాళ్లతో మాట్లాడినవాళ్లు తాము ఎదుటివారికి ఎంత నచ్చామో నిజానికన్నా తక్కువగానే ఊహించుకున్నారు. మీకు నంబరిచ్చి ఫోన్ చేయనివాళ్లలోనూ ఇదే జంకు ఉండి ఉండవచ్చు. మూడు నాలుగుసార్లు పిలిచినా ఒక్కసారీ రానివాళ్లను మాత్రం వదిలేయండి.

భాష సంగతి. తెలుగువాళ్లనే వెతుక్కోవడంలో తప్పు లేదు, కష్టంలో సొంత భాష ఇచ్చే ఊరట వేరు. కానీ పుణె పెద్ద ఊరు. ఆ చివరనున్న తెలుగు కుటుంబాన్ని పండగకు కలుస్తారు, కింది వాటా మరాఠీ ఆవిడను రోజూ చూస్తారు. జ్వరం వచ్చిన రాత్రి తలుపు తట్టగలిగేది ఆవిడే. నేనైతే దగ్గరితనానికే ఓటు వేస్తాను. మరాఠీ రాకపోవడం కూడా పనికొస్తుంది. వారానికో గంట నేర్పమని ఆవిడనే అడగండి, మళ్లీ మళ్లీ కలవడానికి అంతకన్నా మంచి కారణం ఏముంటుంది? సంక్రాంతి నుంచి రథసప్తమి దాకా మరాఠీ ఇళ్లలో హల్దీకుంకూకు ఇరుగుపొరుగు ఆడవాళ్లను పిలుస్తారు, అచ్చం మన పేరంటంలాగే. పిలిస్తే తప్పకుండా వెళ్లండి, శ్రావణంలో మీరూ వాళ్లను పేరంటానికి పిలవండి.

కాకినాడ ఫోన్లు మానమనను. రోజూ మాట్లాడే ఆ సమయంలో వారానికి రెండు సాయంత్రాలు మాత్రం మీ అపార్ట్‌మెంట్ కోసం తీసిపెట్టండి. యోగా అయినా, పుస్తకాలైనా, ఒక్కదాన్ని ఎంచుకుని ఆరు నెలలు మానకుండా వెళ్లండి. ఈ ఆదివారమే కింది వాటా ఆవిడను టీకి పిలవండి.