కాంటర్‌బరీ: మూడు కట్టడాలు, ఇద్దరు హెన్రీలు

ఇంగ్లండ్‌లో కెంట్ కౌంటీలోని ఈ ఊళ్లో కథీడ్రల్, సెయింట్ అగస్టీన్ మఠం, సెయింట్ మార్టిన్ చర్చి కలిపి 1988లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కాయి. అభ్యర్థులు తడబడేది ఇక్కడే: వీటిలో అన్నిటికన్నా పాతది కథీడ్రల్ కాదు, చిన్నదైన సెయింట్ మార్టిన్. పోప్ మొదటి గ్రెగరీ పంపిన అగస్టీన్ క్రీ.శ.597లో వచ్చేనాటికే కెంట్ రాణి బెర్తా అక్కడ ప్రార్థనలు చేసుకునేది. గోడల్లో రోమన్ల నాటి ఎర్ర ఇటుకలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఆరాధనలూ ఆగలేదు. మఠం మాత్రం శిథిలమే.

కథీడ్రల్ అనగానే థామస్ బెకెట్ గుర్తుకు రావాలి. రాజు రెండో హెన్రీతో పేచీ పడ్డ ఈ ఆర్చిబిషప్‌ను 1170 డిసెంబరు 29న నలుగురు నైట్లు ఆ కథీడ్రల్‌లోనే నరికి చంపారు. 1173లో పోప్ ఆయన్ను సెయింట్‌గా ప్రకటించాక యాత్రికులు పోటెత్తారు. చాసర్ ‘కాంటర్‌బరీ టేల్స్’ పాత్రలు వెళ్లేది ఆ సమాధి దర్శనానికే. దాన్ని 1538లో కూల్పించింది ఎనిమిదో హెన్రీ. ఈ ఇద్దరు హెన్రీలను తారుమారు చేసి ఆప్షన్లివ్వడం ప్రశ్నపత్రం తయారుచేసేవారికి మహా సులువు.

మనవైపు లంకె: కాంటర్‌బరీ ఆర్చిబిషప్ ప్రధాన బిషప్‌గా ఉండే ఆంగ్లికన్ చర్చిలో తొలి భారతీయ బిషప్ వి.ఎస్.అజరయ్య. 1912లో ఆయన బాధ్యతలు చేపట్టింది నేటి తెలంగాణలోని డోర్నకల్‌లో.