మందకొడి ఏట అడ్తి ఖాతా

పత్తి ధర పడిపోయిన ఏడు కమీషను రాబడి కూడా పడిపోతుంది. ఆ లోటును కాంటా దగ్గర పూడ్చుకోవాలని కొందరు అడ్తిదారులు చూస్తారు. తరుగు పేరిట క్వింటాలుకు ఒక కిలో అదనంగా తీస్తారు. అదే రోజు రొక్కం కావాలంటే నూటికి రెండు రూపాయలు పట్టుకుంటారు. అందరూ ఇలా చేస్తారని కాదు. చేసేవారు మాత్రం దీనిని గడ్డుకాలంలో తప్పని సర్దుబాటు అనుకుంటారు. కాగితం మీద లెక్క వేస్తే అది సర్దుబాటు కాదని తేలుతుంది.

ఒక రైతు ఏటా 20 క్వింటాళ్ల పత్తి తెస్తాడనుకుందాం. ధర 7,000 రూపాయలు, కమీషను నూటికి రెండు చొప్పున వేసుకుందాం. ఆ ఖాతా మీద దుకాణానికి ఏటా 2,800 రూపాయలు వస్తాయి. క్వింటాలుకు కిలో అదనపు తరుగు తీస్తే ఆ ఒక్క ఏడు మరో 1,400 మిగులుతుంది. ఆ రైతు మళ్లీ రాకపోతే పోయేది వచ్చే ఏటి 2,800, ఆపై ఏటి 2,800, అతని వెంట వచ్చే అన్నదమ్ముల సరకు, మిర్చి, మక్కలు. చిల్లర నాణేల కోసం గల్లాపెట్టె తాకట్టు పెట్టడం వంటిదిది.

రొక్కం కోత సంగతి ఇంకా చిత్రమైనది. పదిహేను రోజులు ఆగవలసిన డబ్బును ఈ రోజే ఇచ్చినందుకు నూటికి రెండు పట్టుకుంటే, మన పల్లెల్లో చెప్పుకునే భాషలో అది నెలకు నాలుగు రూపాయల వడ్డీ. ఏడాదికి చూస్తే దాదాపు 50 శాతం. వడ్డీ వ్యాపారి దగ్గర రెండు రూపాయలకు అప్పు తెచ్చుకునే రైతుకు ఈ లెక్క ఎవరూ నేర్పనక్కరలేదు. మొహమాటం కొద్దీ అడ్తిదారు ముందు నోరెత్తడు, అంతే.

జఫర్‌గఢ్ వంటి చోట ఈ విషయం మరింత పదునుగా కనిపిస్తుంది. ఇక్కడి రైతుకు ఒకే బజారు దిక్కు కాదు. వరంగల్ ఏనుమాముల ఉన్నది, జనగామ ఉన్నది, స్టేషన్ ఘన్‌పూర్ ఉన్నది, నేరుగా కొనే జిన్నింగు మిల్లులున్నాయి. ఉదయం ఏనుమాములలో జెండా పాట ముగిసిన కాసేపటికే ఆ ధర ఊళ్లో అందరి ఫోనుల్లోకీ వస్తున్నది. ధర దాచి లాభపడే రోజులు పోయాయి. దాచినట్టు తెలిసిన మరుక్షణం ట్రాలీ మరో దారి పడుతుంది.

ఇక అసలు విషయం. మందకొడి ఏట అడ్తిదారుకు పోటీ పక్క దుకాణం కాదు, భారత పత్తి సంస్థ. గత రెండు దశాబ్దాల అనుభవం చూడండి. అమెరికా బ్యాంకుల సంక్షోభంతో ప్రపంచ గిరాకీ కుప్పకూలిన 2008-09 సీజనులో సీసీఐ దేశంలో సుమారు 89 లక్షల బేళ్లు కొన్నది. చైనా తన నిల్వల కోసం కొనడం తగ్గించుకున్న 2014-15లో సుమారు 87 లక్షలు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చిపడిన 2019-20 సీజనులో కోటి బేళ్లు దాటింది. అదే సంస్థ 2021-22లో దాదాపు చేతులు ముడుచుకుని కూర్చున్నది. మద్దతు ధర 6,025 ఉండగా ఏనుమాములలో పత్తి 10 వేలు దాటి పలికితే ప్రభుత్వానికి అమ్మేదెవరు?

అంటే సీసీఐ ధర పడినప్పుడు వచ్చి, ధర లేచినప్పుడు తొలగిపోయే ఖరీదుదారు. ఆ ఏడు అటు వెళ్లిన రైతు చేజారిన ఖాతాదారు కాడు, బజారు లేచాక తిరిగి రావలసినవాడు. ఎవరి దుకాణానికి తిరిగి వస్తాడన్నది మాత్రం మందకొడి ఏటనే తేలిపోతుంది. 2022 జనవరిలో సరకు కోసం మిల్లులూ అడ్తులూ పోటీలు పడినప్పుడు 2020 నాటి తక్‌పట్టీలు ఎవరికి గుర్తున్నాయో వారే ఎంచుకున్నారు.

కాబట్టి సీసీఐకి వెళ్లే రైతుకు అడ్డుపడకుండా, సరైన సలహా ఇచ్చి పంపడమే మేలైన వర్తకమని ఈ విలేఖరి అభిప్రాయం. సలహా అంటే ఉత్తమాట కాదు, లెక్క తెలియాలి. 2025-26 సీజనుకు పొడవు పింజ పత్తి మద్దతు ధర 8,110 రూపాయలు. అది 8 శాతం తేమకు. ఆపై ఒక్కో శాతానికీ నూటికి ఒకటి తగ్గి, 12 శాతం దగ్గర 7,785 రూపాయల 60 పైసలవుతుంది. 12 దాటితే కొనరు. ఇప్పుడు 12 శాతం తేమ ఉన్న క్వింటాలు పత్తిని ఎండబెట్టి 8కి తెచ్చారనుకోండి, తూకం 95 కిలోల 650 గ్రాములకు దిగుతుంది. వచ్చే డబ్బు సుమారు 7,757. అంటే ఎండబోసిన కూలి పోగా 28 రూపాయలు ఎదురు నష్టం! మరి ఎండబెట్టమనడం ఎందుకు? 15 శాతం ఉన్నవాడి కోసం. అతని క్వింటాలు 12కి ఎండితే 96 కిలోల 590 గ్రాములు మిగిలి 7,520 రూపాయలు తెస్తుంది. ఎండకుండా బయట 6,800కు అమ్ముకుంటే 720 పోగొట్టుకున్నట్టే. 12 లోపు ఉన్నవాడిని ఎండబెట్టమనడం అనవసరం, దాటినవాడికి చెప్పకపోవడం ద్రోహం. తేమ కొలిచే యంత్రం చేతిలో ఉన్న అడ్తిదారు ఈ ఒక్క మాట నిజాయితీగా చెబితే ఆ ఇంటి సరకు పదేళ్లు అతని గుమ్మం దాటదు.

ఆ సీజనులోనే సీసీఐ కొనుగోళ్లకు కపాస్ కిసాన్ యాప్‌లో ముందుగా నమోదు చేసుకుని తేదీ తీసుకోవలసి వచ్చింది. ఆ పనిలో రైతుకు సాయపడటం దుకాణానికి ఖర్చులేని ప్రచారం. ఐతే సాయం పేరిట పాసుపుస్తకం తీసుకుని, తక్కువకు కొన్న తన సరకును రైతు పేర తోలడం వేరు. అది విచారణల దాకా వెళ్లే వ్యవహారం. దాని జోలికి పోకపోవడమే క్షేమం.

ధర కుంగినప్పుడు మితిమీరి లాగితే ఏమవుతుందో మన చుట్టుపక్కలే చూశాం. అంతకు ముందు ఏడు క్వింటాలు 10 వేలు దాటిన మిర్చి 2017లో రెండు మూడు వేలకు పడిపోయినప్పుడు, ఏప్రిల్ 28న ఖమ్మం యార్డులో రైతుల ఆగ్రహం మార్కెట్ కార్యాలయం మీద విరుచుకుపడింది. తర్వాత కేంద్రం క్వింటాలుకు 5,000 చొప్పున కొంటామన్నది. 2024 ఏప్రిల్‌లో మన జనగామలోనే, సాధారణ రకం ధాన్యానికి 2,183 మద్దతు ధర ఉండగా బాగా తక్కువకు కొంటున్నారని రైతులు ఆందోళనకు దిగితే వ్యాపారుల మీద కేసులయ్యాయి. ఆ వ్యాపారుల పక్షాన కూడా తేమ, తాలు వంటి కారణాలు ఉండవచ్చు. ఆ కారణాలను అమ్మకానికి ముందే రైతు కళ్లముందు కొలిచి చూపి ఉంటే వాదన నిలిచేది. తర్వాత చెబితే సాకుగానే వినబడుతుంది.

మిర్చి వర్తకులకు మరో మాట. ధర లేదు, కోల్డ్ స్టోరేజీలో పెట్టమని చెప్పడం తేలిక. అద్దె, వడ్డీ, తూకంలో తగ్గుదల రైతు మీదనే పడతాయి. 2025 ఫిబ్రవరిలో ఆంధ్ర మిర్చికి కేంద్రం 11,781 రూపాయల జోక్యపు ధర ప్రకటించవలసి వచ్చిందంటే, నిల్వ పెట్టినవారందరికీ కలిసిరాలేదని అర్థమవుతూనే ఉన్నది. ఎన్ని నెలలకు ఎంత ఖర్చు, ఎంత ధర వస్తే గిట్టుబాటు అనేది చీటీ మీద రాసి ఇచ్చి, నిర్ణయం రైతుకే వదలాలి.

అవతలి ఒడ్డున మిల్లులున్నాయి. 2011 మార్చిలో న్యూయార్క్ బజారులో దూది పౌను 2 డాలర్లు దాటి, కొద్ది నెలల్లోనే దాదాపు సగానికి దిగినప్పుడు ఎన్నో దేశాల మిల్లులు ఒప్పందాల నుంచి తప్పుకున్నాయి. మధ్యవర్తుల తీర్పులను పాటించనివారి పేర్లు లివర్‌పూల్‌లోని అంతర్జాతీయ పత్తి సంఘం జాబితాకెక్కాయి. మన బ్రోకర్లకు అటువంటి జాబితా లేదు, కాని బజారు నోటికి ఉన్నది. ధర పడిన ఏడు నమూనాకు మించి తేమ సరకు పంపిన అడ్తికి మరుసటి ఏడు మిల్లు ముందుగా డబ్బు పంపదు. మిల్లు నుంచి డబ్బు రాకపోతే ఇవతల రైతుకు వాయిదా, మళ్లీ రొక్కం కోత! అంతా ఒకే గొలుసు.

చివరగా ఉద్దెర. జఫర్‌గఢ్‌లోను, చుట్టుపక్కల ఊళ్లలోను విత్తనాలు, ఎరువులు అమ్మే దుకాణాల అసలు ఆస్తి ఖాతా పుస్తకమే. మందకొడి ఏట ఆ పుస్తకం లావెక్కుతుంది. ఉద్దెర ఒక్కసారి కట్టేస్తే పాత బాకీ కూడా రాదు, విచ్చలవిడిగా ఇస్తే పెట్టుబడే ఉండదు. ఇచ్చే మొత్తానికి హద్దు పెట్టి, ఎరువు బస్తా ధర మాత్రం రొక్కపు ధరే వేసి, వడ్డీ విడిగా రాయడం మంచి పద్ధతి. రెండూ కలిపితే పక్క దుకాణం ధరతో పోల్చి చూసుకున్న రైతు మోసపోయాననుకుంటాడు.

ఇందులో చాలామంది మరచే సంగతి ఒకటున్నది. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం అమ్మిన సరకు బాకీకి దావా గడువు మూడేళ్లు. ఆ గడువు తీరకముందే బాకీదారు నిలువను ఒప్పుకుంటూ సంతకం చేస్తే, లేదా కొంత చెల్లించి ఆ చెల్లింపును తన చేతి రాతతోనో సంతకంతోనో నమోదు చేస్తే, ఆ నాటి నుంచి గడువు మళ్లీ మొదలవుతుంది. కనుక ఏటా పత్తి అమ్మకాలు ముగియగానే రైతును పిలిచి, చాయ్ తాగించి, పద్దులన్నీ చదివి వినిపించి, తప్పులుంటే అక్కడే దిద్ది, నిలువ కింద సంతకం తీసుకోవాలి. ఆ ఏడు ధర లేక అయిదు వందలే కట్టగలిగినా తేదీ వేసి జమ రాసి, దాని పక్కన కూడా సంతకం పెట్టించుకుని, నకలు అతని చేతికివ్వాలి.