ఊరి పక్కగా బైపాస్ వస్తోందా? ఆ 21 రోజులు వదులుకోకండి

ఊళ్లో ట్రాఫిక్ తగ్గాలంటే బైపాస్ కావాల్సిందే. అది ఎవరి పొలం మీదుగా పోవాలన్న విషయంలో రైతు మాట కూడా వినాలని జాతీయ రహదారుల చట్టం-1956 చెబుతోంది.

ప్రశ్న: మార్గాన్ని ఎవరు ఖరారు చేస్తారు?
కన్సల్టెంట్లు కొన్ని అలైన్‌మెంట్లు గీసి, దూరం, ఖర్చు, పోయే ఇళ్లు, చెరువులు లెక్కగడతారు. ఖరారు చేసేది కేంద్ర రహదారుల శాఖ, జాతీయ రహదారుల సంస్థ (ఎన్‌హెచ్‌ఏఐ). గ్రామసభ ఒప్పుకోవాలన్న నిబంధన ఈ చట్టంలో లేదు. అయినా ఈ దశలోనే ప్రాజెక్టు డైరెక్టరుకు, కలెక్టరుకు వినతిపత్రం ఇవ్వండి. మార్పుకు ఎక్కువ వీలుండేది ఇప్పుడే.

ప్రశ్న: సర్వేకు పొలంలోకి రావచ్చా?
భూమి సేకరించే ఉద్దేశాన్ని తెలిపే సెక్షన్ 3ఏ నోటిఫికేషన్ వెలువడ్డాక అధీకృత సిబ్బంది వచ్చి కొలవవచ్చు. రాళ్లు పాతినంత మాత్రాన భూమి పోయినట్లు కాదు. 3డీ ప్రకటన వచ్చాకే అది కేంద్రానికి దఖలు పడుతుంది.

ప్రశ్న: అభ్యంతరం ఎప్పటిలోగా చెప్పాలి?
3ఏ ప్రచురణ నుంచి 21 రోజుల్లోగా, భూసేకరణ అధికారికి రాతపూర్వకంగా. ఆ నోటిఫికేషన్ సారాంశం రెండు స్థానిక పత్రికల్లో రావాలి. గడువును గెజిట్ తేదీ నుంచే లెక్కేసుకోవడం క్షేమం.

ప్రశ్న: ఏమని రాయాలి?
‘మా భూమి పోతోంది’ అంటే చాలదు. సర్వే నంబరు, విస్తీర్ణం, కారణం రాయండి. బోరు రోడ్డుకు ఈవల, వరి మడి ఆవల మిగిలితే నీళ్లెలా పారతాయో అడగండి. పైపులైనుకు దారి, ట్రాక్టరు పట్టే అండర్‌పాస్ కోరండి. దగ్గర్లో ప్రభుత్వ భూమి ఉంటే గ్రామ పటంలో గుర్తించి జతచేయండి. రశీదు తప్పక తీసుకోండి. విచారణకు మీరే వెళ్లవచ్చు, లాయరునైనా పంపవచ్చు.

ప్రశ్న: తిరస్కరిస్తే?
ఈ చట్టం కింద భూసేకరణ అధికారి ఉత్తర్వే అంతిమం. హైకోర్టుకు వెళ్లవచ్చు గానీ, మార్గం ఎంపికలో కోర్టులు తేలిగ్గా జోక్యం చేసుకోవు. 2011లో కుశల శెట్టి కేసులో సుప్రీంకోర్టు ఆ పనిని నిపుణులకే వదిలింది. అభ్యంతరాన్ని అసలు వినకపోతే మాత్రం మీ వాదనకు బలం ఉంటుంది.

ప్రశ్న: పరిహారం ఎలా?
3ఏ నాటి మార్కెట్ విలువ ఆధారం. 2013 భూసేకరణ చట్టం ప్రకారం గ్రామాల్లో దాన్ని 1 నుంచి 2 వరకు గుణకంతో హెచ్చిస్తారు. చెట్లు, కట్టడాల విలువ కలిపి, ఆపైన 100 శాతం సొలేషియం (అదనపు పరిహారం) ఇస్తారు. చాలదనుకుంటే ఆర్బిట్రేటర్‌ను ఆశ్రయించవచ్చు.

సర్వే మాట వినబడగానే గ్రామ పటం, పహాణీ లేదా అడంగల్ నకళ్లు తెచ్చిపెట్టుకోండి. ఊరంతా కలిసి కూర్చుని మాట్లాడుకోండి, అభ్యంతరం మాత్రం ఎవరి సర్వే నంబరుకు వారు విడిగా వేయండి.